బ్యాండేజీ కట్టిన కొమ్మ

ఐజాక్ ఒక ఏడాది మొత్తానికి ప్రయాణాలు రాసిపెట్టుకొని, ఆ ఏడాది మొదలుకాకముందే పోయాడు. నవంబరు ఆఖర్లో, అత్తిబెలె ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు ముగించుకొని చందాపురలోని ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటూ ఛాతీ పట్టుకున్నాడు. భార్య జ్యోత్స్న ఇరవై ఎనిమిదేళ్లుగా నర్సు. ఆగిన గుండెల్ని రెండు చేతులతో నొక్కి మళ్లీ కొట్టుకునేలా చేసిన మనిషి. తన గుమ్మంలో, తన చేతుల కింద, ఆ ఒక్క గుండె మాత్రం ఆమె మాట వినలేదు.

ఐజాక్‌కు పిట్టల పిచ్చి. ఆదివారం ఆరాధన ముగియడమే ఆలస్యం, మెడలో కెమెరా తగిలించుకొని ఊరి చివరి చెరువుకు పరుగు. "దేవుడికి గంటన్నర, పిట్టలకు నాలుగు గంటలా?" అని జ్యోత్స్న దెప్పేది. "పిట్టల్ని చేసిందెవరు మరి?" అని నవ్వి వెళ్లిపోయేవాడు. తనతో రమ్మని ఎన్నోసార్లు అడిగాడు. డ్యూటీ చేసి కాళ్లు పీకుతున్నాయని ఆమె ఎప్పుడూ వెళ్లలేదు. కాళ్లు పీకడం నిజమే. కానీ ఇరవై ఆరేళ్ల కాపురంలో కాళ్లు పీకని ఆదివారం ఒక్కటైనా లేదా? భూస్థాపన అయి ఇంటికొచ్చిన రోజు నుంచి ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు.

బీరువా సర్దుతుంటే ఆయన నోటుబుక్కు దొరికింది. పన్నెండు పేజీలు, పన్నెండు నెలలు, నెలకో చోటు. జనవరి కొక్కరెబెళ్లూరు, ఫిబ్రవరి కబిని, మార్చి రంగనతిట్టు, ఇలా వరసగా. మే పేజీలో మాత్రం "మన చెరువు. రాజహక్కి" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. అట్ట లోపలివైపు మూడు నియమాలు ఉన్నాయి. గూటికి ఇరవై అడుగుల దూరం. ఆకు ముట్టరాదు. పిట్టకు తొందర లేదు, మనకూ ఉండరాదు. బతికుండగా ఆయన ఇవి వల్లిస్తుంటే "మోషేకు పది, నీకు మూడా?" అని ఆమె వేళాకోళం చేసేది. ఇప్పుడు ఆ అట్ట మీద చెయ్యి పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగాక, ఆ పన్నెండు చోట్లకూ ఆయన కెమెరాతో తానే వెళ్లాలని నిశ్చయించుకుంది.

నిశ్చయం గొప్పదే, చెయ్యి తిరగాలి కదా. ఐజాక్‌తో కలిసి తిరిగిన పిట్టల బృందాన్ని నడిపేది అభిషేక్ అనే కర్నూలు అబ్బాయి. హూడిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. అతనే ఓపిగ్గా నేర్పాడు. "ఆంటీ, ఫోకస్ కంటి మీద పెట్టండి, తోక మీద కాదు." మొదటి నెల ఆమె తీసిన ఫొటోల్లో సగం ఆకాశం, మిగతా సగం ఆమె వేలు. కబినిలో జీపులోని వాళ్లందరూ పులి కోసం మెడలు సాచి కూర్చుంటే, ఆమె మాత్రం ఒక జింక చెవిని నలభైసార్లు తీసి తృప్తిపడింది. కొక్కరెబెళ్లూరులో ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతుల్ని చూపించి, ఆ ఊరావిడ ఒకామె "పురుటికి పుట్టింటికొచ్చిన పిల్లలమ్మా ఇవి" అంది. ప్రసూతి వార్డులో పదేళ్లు పనిచేసిన జ్యోత్స్నకు ఆ మాట లోపలికంటా దిగింది. ఈయన ఇన్నాళ్లూ దీనికోసమా తిరిగింది అనుకుంది. పక్కన లేడే అని దుఃఖం ముంచుకొచ్చింది.

ఏప్రిల్ నాటికి ఫొటోలు కుదురుకున్నాయి. పిల్లలకు ఫొటోలు చూపించడానికి అభిషేక్ ఆమెను బళ్లకు కూడా తీసుకెళ్లేవాడు. అక్కడ ఆమె పెద్ద మాటలేవీ చెప్పేది కాదు. పిల్లల్ని వరండాలో నిలబెట్టి, ఇరవై అడుగులు కొలిపించి, "గూడు అక్కడ, మీరు ఇక్కడ. ఇంతకన్నా ముందుకొస్తే తల్లి బెదిరిపోతుంది" అనేది. ప్రతి ఫొటో కిందా 'ఫొటో: ఐజాక్' అని వేయించేది. "తీసింది మీరు కదా ఆంటీ?" అంటే, "కళ్లు ఆయనవి బాబూ, నేను బటన్ నొక్కుతున్నానంతే" అని జవాబు. ఆ ఏడాదంతా ఆమెకు కావలసింది ఒక్కటే. ఆయన పేరు చెడకుండా ఆయన పని పూర్తికావాలి.

మే నెల వచ్చింది. చెరువు కట్ట మీద పదిహేడు కానుగ చెట్లున్నాయి. వాకింగ్ ట్రాక్ వేయడానికి వాటిని కొట్టేస్తామని మున్సిపల్ ఆఫీసువాళ్లు మానులకు ఎర్రరంగుతో నంబర్లు వేశారు. అభ్యంతరాలుంటే పది రోజుల్లో చెప్పమని నోటీసు అంటించారు. ఆ నోటీసు కింద తుండుగుడ్డ పరుచుకొని కూర్చునేవాడు రామాంజినప్ప. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటి పని వాళ్ల తాతలనాటిది. ఇప్పుడు పొలాలు పోయి ఇళ్లు లేచినా, ఆయన తూము వదిలి కదల్లేదు.

"అమ్మా, మీ ఆయప్ప కాసుకోని కూర్చుండే పిట్ట మళ్లా వచ్చిండాది. నాలుగో కానుగలో గూడు కట్టుకోనుండాది, రాండి చూపిస్తా" అని పిలిచాడు.

ఇక్కడి కన్నడంవాళ్లు రాజహక్కి అనేది ఆ పిట్టనే. మగదానికి నల్లటి తల, జానెడు ఒంటికి మూరెడు తెల్లటి తోక. చెయ్యెత్తితే అందేంత ఎత్తులో, కొమ్మ చీలిన చోట, టీ కప్పంత గూడు. అందులో మూడు పిల్లలు. గూటి మీదికి పైనుంచి ఆకుల కొమ్మ ఒకటి వాలి ఉంది. జ్యోత్స్న ఇరవై అడుగుల దూరంలో మూడు రోజులు నిలబడింది. మూడు రోజులూ కెమెరాలో పడింది ఆకులే. మూడో సాయంత్రం అభిషేక్ ఫోన్ చేశాడు.

"ఆంటీ, చెట్ల మీద మన అభ్యంతరానికి ఎల్లుండే హియరింగ్. గూడు, పిల్లలు క్లియర్‌గా కనిపించే ఫొటో ఒక్కటి ఉంటే చాలు. పదిహేడు చెట్లూ నిలబడతాయి."

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆమె చెట్టు కిందికి వెళ్లింది. రామాంజినప్ప అవతలి ఒడ్డున ఉన్నాడు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే బ్యాండేజీ చుట్ట ఉంది. కొమ్మ విరిస్తే పాపం. పక్కకు కట్టి, పది నిమిషాల్లో విప్పేస్తే పాపమేముంది? వార్డులో మంచం చుట్టూ ఉండే తెరను పక్కకు కట్టి, పని కాగానే వదిలేయడం ఆమెకు రోజూ ఉన్నదే. కట్టడం, విప్పడం ఆమె వృత్తి. ఐజాక్ రాసిన రెండో నియమం గుర్తురాకపోలేదు. "ఈ ఒక్కసారికి ఏమనుకోకు" అని పైకే అని, కొమ్మను మెల్లగా పక్కకు లాగి ముడివేసి, వెనక్కి నడిచింది.

గూడు మొత్తం వెలుగులోకి వచ్చింది. మగపిట్ట తూనీగను ముక్కున కరుచుకొని వచ్చి వాలింది. తెల్లటి తోక గాలికి వంపు తిరిగింది. మూడు నోళ్లు తెరుచుకున్నాయి. జ్యోత్స్న బటన్ నొక్కింది. అలాంటి ఫొటో ఐజాక్ కూడా ఎన్నడూ తీయలేదు. అక్కడే దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, 'ఫొటో: ఐజాక్' అని రాసి అభిషేక్‌కు పంపింది. పంపిందో లేదో ఆస్పత్రి నుంచి ఫోను. ఫ్యాక్టరీ బస్సు బోల్తాపడిందట, నలభైమంది ఆడపిల్లలట, లీవులో ఉన్నవాళ్లు కూడా రావాలట. కెమెరా సంచీలో పడేసి ఆమె ఆటో కోసం పరిగెత్తింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర వేళ, చెయ్యి చీరుకుపోయిన ఒక పిల్లకు కట్టు కడుతోంది. బ్యాండేజీ చివర లాగి ముడివేసింది. ఆ ముడి చూడగానే, పొద్దున విప్పకుండా వచ్చేసిన కొమ్మ గుర్తొచ్చింది. కిటికీ బయట మే నెల ఎండ తెల్లగా మండుతోంది. రామాంజినప్పకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ తూము దగ్గరి గదిలో మోగి మోగి ఆగిపోయింది. అభిషేక్‌కు చేస్తే మీటింగులో ఉన్నాడు. వరండా నిండా ఇంకా స్ట్రెచర్లు. వదిలి వెళ్లడానికి వీల్లేదు, వెళ్లలేదు. ఆ విషయంలో ఆమె తనను తాను ఇప్పటికీ తప్పుపట్టుకోదు. కానీ కట్టింది ఎవరు?

అయిదున్నరకు చెరువు చేరేసరికి రామాంజినప్ప నాలుగో కానుగ కింద గొంతుక్కూర్చొని ఉన్నాడు. ముందర నేల మీద కానుగాకు పరిచి, దాని మీద మూడు పిల్లల్ని పెట్టాడు.

"పొద్దు నెత్తికొచ్చినప్పట్నుంచి గూటిమీద ఎండే అమ్మా" అన్నాడు. "తల్లిపిట్ట రెక్కలు ఇప్పుకోని పిల్లలకి నీడ పట్నాది. నోరు తెరుసుకోని రొప్పుతా అట్లే నిలబడ్నాది. మగది పురుగు తెస్తాది, పెట్టేదానికి ల్యాక మళ్లా పోతాది. మూడు గంటలకంతా మెడలు వాలేసినాయి."

"ఆ కట్టు విప్పలేకపోయావా అన్నా?" అని అడిగింది ఆమె.

"ఆఫీసోళ్లు కొట్టే చెట్టుకి గుర్తు కట్టినారనుకుంటిమ్మా. వాళ్ల గుడ్డ ముడితే కేసు ఏస్తారని బయపడితి."

జ్యోత్స్న చెయ్యి చాచి ముడి విప్పింది. కొమ్మ నెమ్మదిగా తన చోటికి వచ్చింది. ఖాళీ గూటి మీద నీడ పడింది. రామాంజినప్ప ఆమె చేతిలోని బ్యాండేజీ వైపు, భుజానికున్న కెమెరా సంచీ వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. తూము గదిలోంచి పార తెచ్చి గుంట తీశాడు.

ఫొటో తన పని తాను చేసింది. హియరింగులో గోడమీద అంత పెద్దదిగా వేస్తే అధికారులు కూడా అబ్బా అన్నారట. పేపర్లో వచ్చింది, ఫోన్లలో తిరిగింది. ట్రాక్ అవతలి ఒడ్డుకు మారింది, పదిహేడు చెట్లూ నిలిచాయి. "ఐజాక్ ఫొటో" అని ఊరంతా చెప్పుకున్నారు. చర్చిలో పాస్టరుగారు ఆయన పేరెత్తి స్తోత్రం చెప్పించారు. ఆ క్షణాన జ్యోత్స్న తల వంచుకొని బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

నోటుబుక్కులో మిగిలిన ఏడు పేజీలూ తిరిగింది. తనకు తాను మాట ఇచ్చుకుంది కాబట్టి తిరిగింది. చాలాచోట్ల కెమెరా సంచీలోంచి బయటికే రాలేదు. బళ్లలో పిల్లలు వరండాలో ఇరవై అడుగులు లెక్కపెడుతుంటే కిటికీ వైపు తిరిగి నిలబడేది. ఆమెకు నిద్ర కరువైందని చెప్పను, అలిసిన నర్సుకు నిద్ర వస్తుంది. లేవగానే మాత్రం రెక్కలు విప్పుకొని నిలబడ్డ ఆ తల్లిపిట్టే గుర్తొచ్చేది. తాను దాన్ని చూడనైనా లేదు. అయినా రోజూ కనపడేది.

మళ్లీ మే వచ్చింది. సెలవు దొరికిన ప్రతి పొద్దునా వెళ్లి నాలుగో కానుగ ఎదుట ఇరవై అడుగుల దూరంలో కూర్చుంది. ఆకులు దట్టంగా ఉన్నాయి, నీడ చిక్కగా ఉంది. పిట్టలు రాలేదు. "ఈ తూరి ఇంగ రావులేమ్మా" అన్నాడు రామాంజినప్ప నెలాఖరున, ఎటో చూస్తూ.

జూన్ మొదటివారంలో చెట్ల దగ్గర బోర్డు పెట్టారు. అభిషేక్ దగ్గరుండి చేయించాడు. బళ్ల పిల్లలు, బృందంవాళ్లు, చర్చివాళ్లు ఒక యాభైమంది చేరారు. గుడ్డ తీయగానే మనిషంత ఫొటో: తెల్లటి తోక, తూనీగ, మూడు నోళ్లు. కింద పెద్ద అక్షరాల్లో 'ఫొటో: ఐజాక్'. చప్పట్లు మోగాయి. ఆమెను రెండు మాటలు చెప్పమన్నారు.

"ఈ ఫొటోలో గూటికి అడ్డంగా ఒక్క ఆకు కూడా లేదు" అంది జ్యోత్స్న. "ఎందుకు లేదో ఎవరూ అడగలేదు. నేను కట్టేశాను కాబట్టి లేదు." తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పింది. బ్యాండేజీ గురించి, బస్సు గురించి, ఎండ గురించి, కానుగాకు మీది మూడు పిల్లల గురించి. మధ్యలో ఏడవలేదు. వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టే చెప్పింది.

అభిషేక్ దగ్గరికొచ్చి, "ఆంటీ, చెట్లన్నీ మిగిలాయి కదా" అన్నాడు మెల్లగా.

"మిగిలాయి బాబూ. అందుకు సంతోషమే. కానీ మా ఆయన ఆకు ముట్టేవాడు కాదు. ఇరవై ఆరేళ్లలో ఒక్క గూడు చెడగొట్టలేదు. ఈ ఫొటో ఆయనది కాదు."

హ్యాండ్‌బ్యాగు తెరిచి, ఆస్పత్రి ప్లాస్టరు చుట్ట తీసింది. జానెడు ముక్క కత్తిరించి, ఐజాక్ పేరు మీద అడ్డంగా అతికించబోయింది. ఒక చివర అంటుకోక లేచిపోయింది. రామాంజినప్ప ముందుకొచ్చి ఆ చివరను బొటనవేలితో నొక్కిపట్టుకున్నాడు. ఆమె ఆ ప్లాస్టరు మీద పెన్నుతో తన పేరు రాసింది.