ఎలుకల గది పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నా కూతురికి స్నానం చేయిస్తున్నాను. కరోనా రెండో వేవ్ అది. ఆసుపత్రివాడు హిందీలో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. నేను ఏడవలేదు. చేతిలో ఉన్న చెంబును గోడకేసి కొట్టాను. చెంబు సొట్టపోయింది, పిల్ల జడుసుకుంది. నా కోపం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

మా అమ్మకు అక్క ఆమె. సిరిసిల్ల వైపు నుంచి పెదనాన్న వెంట వచ్చి, పరాయి రాష్ట్రంలో, జోల్వా అనే ఊళ్లో సాంచెల షెడ్డు పక్క గదిలో కాపురం పెట్టింది. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అనే అంటారు. తొలి కాన్పు ఆ గదిలోనే. రెండు రోజులైనా బిడ్డ రాకపోతే మంత్రసాని ఆమె కడుపు మీదెక్కి కూర్చుంది. ఇద్దరు కాళ్లు విడదీసి పట్టుకుంటే ఇంకొకామె చెయ్యి పెట్టి గుంజింది. సాంచెల మోతలో ఆ కేకలు ఎవరికీ వినపడలేదు. బిడ్డ బతకలేదు. పెద్దమ్మ బతికింది గానీ గర్భసంచి కిందికి జారిపోయింది. పదకొండో రోజున మళ్లీ సాంచెలకు దారం బాబిన్లు చుట్టడానికి కూర్చుంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు మిల్లు గుడ్డను మడతపెట్టి, లంగోటిలా బిగించి కట్టుకుని తిరిగింది. ఆ గుడ్డలను తీగ మీద చీర కింద దాచి ఆరేసేది. చిన్నప్పుడు ఆటలో నేను ఆ చీర లాగితే చెంప పగలగొట్టింది. తర్వాత తనే దగ్గరికి తీసుకుంది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మొగోళ్లవి రోగాలు, మనయి సిగ్గులు."

పెదనాన్న పోయాక ఒక డాక్టరమ్మ దగ్గర ఎలుకల పంజరాలు కడిగే పని దొరికింది. ఆ డాక్టరమ్మ పరిశోధన కాన్పు గురించే. మామూలుగా ఈనినవి ఒక వరుస, కడుపు కోసి పిల్లల్ని తీసినవి ఒక వరుస, అసలు చూలు కట్టనివి ఒక వరుస. పొత్తికడుపును కింది నుంచి మోసే కండరాలు ఏ వరుసలో ఎంత దెబ్బతిన్నాయో చూసేవారు. కొన్ని ఎలుకలకు మత్తిచ్చి, లోపల చిన్న బుడగ ఉబ్బించి, కష్టపు కాన్పు చేసే గాయాన్ని కావాలని చేసేవారు. చదువురాని పెద్దమ్మకు అదంతా వారంలోనే అర్థమైంది. బుడగ పెట్టిన ఎలుక ఒకటి తుమ్మి కింద తడుపుకోవడం చూసిందట. ఆ రోజు అన్నం ముట్టలేదు.

"దానికి మత్తిచ్చిండ్రు బిడ్డా. నాకియ్యలే."

"కోసి తీస్తే ఏమీ కాదా పెద్దమ్మా?"

"దెబ్బ తక్కువనే. గని వాటికి సుత జర సడలుతదట. మోసుడే సగం దెబ్బ. తక్కిన సగం మనుషులు కొట్టేది." షెడ్డు వైపు చూపించి అంది, "పోగు తెగితే సాంచ ఆగుతది. సాగితే ఆగది, బట్ట కరాబయితది. ఇది గూడ గంతే."

డాక్టరమ్మ ఆమె నడక చూసి కనిపెట్టి, ఏడాది బతిమాలి ఆపరేషన్‌కు ఒప్పించింది. తారీఖు పెట్టారు. అంతలో లాక్‌డౌన్ వచ్చి, అత్యవసరం కానివన్నీ ఆపేశారు. ముప్పై ఏళ్ల బాధ అత్యవసరం కాదన్నమాట.

ఎలుకలకు మేత వెయ్యడానికి నడిచి వెళ్తుంటే లాఠీ పట్టుకున్న ఒకడు ఆపాడు. ఉన్న మాట చెప్పింది. ఎగతాళి చేస్తోందనుకుని పిక్కల మీద బాదాడు. కుంటుకుంటూనే వెళ్లి మేత వేసింది. పది రోజులు తిరగకుండా, మేత రావడం లేదు, ఎలుకలను చంపేయమని పైనుంచి కబురొచ్చింది. వేరే ఊళ్లో చిక్కుకున్న డాక్టరమ్మ ఫోన్‌లో ఏడ్చింది. అక్కడున్న టెక్నీషియన్ గ్యాస్ పెట్టెలో వేస్తుంటే, పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ తీసి అందించింది. ముందు రోజు ఈనినవీ ఉన్నాయి. చేతుల నిండా కాట్లతో ఇంటికొచ్చింది. అక్కడ పనికి ఇచ్చిన తెల్లకోటు మాత్రం తిరిగివ్వలేదు.

ఆ ఏడాది వానల్లో నాకు నొప్పులొచ్చాయి. కామ్‌రేజ్ ఊరు దాటాక ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. కరోనా కాబట్టి వెంట ఎవరినీ రానివ్వలేదు. పగలంతా గడిచాక, విసిగిపోయిన ఆయా బల్ల మీదికెక్కి మోచేతులతో నా కడుపును కిందికి నొక్కింది. పక్కటెముకలు విరుగుతాయనుకున్నాను. అరిచాను.

తలుపు తోసుకుని తెల్లకోటు, టోపీ, మాస్కు లోపలికొచ్చాయి. ఎవరో పెద్ద డాక్టరనుకుని నర్సు లేచి నిలబడింది. పెద్దమ్మ ఆయా జుట్టు పట్టి కిందికి ఈడ్చింది.

"హాత్ హటా, చెయ్యి దియ్యి. మా కాడ ఎలుకను గూడ గిట్ల ఒత్తరు."

ఆయాకు తెలుగు రాదు. చెంపదెబ్బకు మాత్రం భాష అక్కర్లేకపోయింది. వాచ్‌మన్ వచ్చి చెయ్యి విరిచి లాగినా పెద్దమ్మ నా బల్ల ఇనుప కడ్డీ వదల్లేదు. ఆ గొడవకు డాక్టరే వచ్చి, చూసి, ఇంకా సమయం ఉంది, ఎవరూ నొక్కొద్దని చెప్పింది. గంట తర్వాత నా కూతురు పుట్టింది. ఆ పెనుగులాటలో పెద్దమ్మ కట్టుకున్న గుడ్డ తెగిపోయింది. గర్భసంచి పూర్తిగా బయటికొచ్చింది. ఆమె నిలబడిన చోట నేల మీద రక్తం చూశాను. ఆమె మాత్రం కోటు దగ్గరికి లాక్కుని, గోడ పట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజూ నా మంచం దగ్గర కూర్చుని అడిగేది, "దగ్గు బిడ్డా." ఊరంతా దగ్గంటే పారిపోతున్న రోజులవి. నేను దగ్గేదాన్ని. "తడిసిందా?" లేదనేదాన్ని. అప్పుడు నవ్వేది. ఇవాళ నేను భయం లేకుండా తుమ్ముతున్నానంటే అది ఆమె పుణ్యమే.

తర్వాతి ఎండాకాలం దగ్గు ఆమెనే పట్టుకుంది. దగ్గిన ప్రతిసారీ రెండు చేతులూ కిందికి అదిమి పట్టుకునేది. ఆంబులెన్స్ ఎక్కుతూ నాతో అన్న ఆఖరి మాట, "తీగ మీదియి లోపలెయ్యి." ఆ రాత్రే పిల్లకు జ్వరమొచ్చి, అది తగ్గేసరికి ఆ పని మరిచిపోయాను.

శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోయారు. స్నానం చేయించనివ్వలేదు. సాయంత్రం ఆమె గదికి వెళ్లాను. తీగ మీద ఆకుపచ్చ చీర, దాని కింద ఆ గుడ్డలు, అన్నీ ఎండిపోయి ఉన్నాయి. చీర లాగేశాను. షెడ్డు గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఇటే చూశారు. ఇవేమిటని ఒకామె అడిగితే, అందరికీ వినపడేలా చెప్పాను. తర్వాత కళ్లు మూసుకుని చెంపదెబ్బ కోసం చూశాను. సాంచెలు మోగుతూనే ఉన్నాయి, గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి. దెబ్బ పడలేదు.