తెంపనియ్యని పూలు

లక్ష్మీరాజం తేనెటీగల్ని ప్రేమించాడంటే ఖిల్లా పక్క గల్లీలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోవడం వాళ్ల తప్పు కాదు. ముప్పై నాలుగేళ్లు ఆ గల్లీ ఆడవాళ్ల ఉసురు పోసుకున్న మనిషి ఆయన. నిజామాబాద్‌లో ఒక బీడీ కార్ఖానాలో, ఆడవాళ్లు ఇళ్లలో చుట్టి తెచ్చిన బీడీలను చూసి తీసుకోవడం ఆయన ఉద్యోగం. కట్ట విప్పేవాడు. ఒక బీడీని రెండు వేళ్ల మధ్య నొక్కేవాడు. "దారం వదులుంది" అనేవాడు. కట్టంతా విరిచి, తెచ్చినదాని కాళ్ల ముందు పడేసేవాడు. బీడీలు బాగున్న రోజున కూడా ఎవరివో ఒకరివి విరవాల్సిందే. లేకపోతే ఆయనకు మధ్యాహ్నం అన్నం సయించేది కాదు.

ఆయన ఇంటికి రెండిళ్ల అవతల గంగమణి ఉంటుంది. ఒకసారి ఆమె జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని చంకనేసుకుని బీడీలు తెచ్చింది. "మళ్ల సుట్టు. ఈడనే కూసోని సుట్టు" అని మధ్యాహ్నం దాకా కార్ఖానా గడప ముందు ఎండలో కూర్చోబెట్టాడు. పిల్ల బతికింది, అది దాని అదృష్టం. గంగమణి ఆ రోజు ఏడవలేదు, తిట్టలేదు. లేచి పోతూ ఒక్కసారి ఆయన మొహంలోకి చూసింది, అంతే.

ఇంట్లో మాత్రం ఏం ఒరగబెట్టాడు గనక! భార్య లింగవ్వ బీడీలు చుట్టీ చుట్టీ దగ్గుతో మంచం పట్టింది. తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు చెబితే, ఈయన ఆసుపత్రిలోనే నవ్వాడు. "తంబాకుకు సచ్చేటట్లయితే నేను ఎన్నడో సావాలె. దాని ఖర్మ గట్లుంది" అన్నాడు. అంటున్నప్పుడు కూడా ఆయన బుగ్గలో తంబాకు ఉంది. ఆ ఆకులో చెడు ఉంటుందంటే ఆయన దృష్టిలో అది పని దొంగలు పుట్టించిన మాట. లింగవ్వ ఆ ఏడాది దాటలేదు.

ఉద్యోగం అయిపోయాక ఇంటి వెనక పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పలకరించేవాళ్లు లేరు. కొడుకు శివకుమార్ పొద్దున సెల్‌ఫోన్ల దుకాణానికి పోతే రాత్రికి వస్తాడు. కోడలు రోజా పిలిస్తే తప్ప పెరట్లోకి రాదు. ఆ ఎండాకాలంలో, కారుతున్న నల్లా కింద తడి రాయి మీదికి తేనెటీగలు వచ్చాయి. నీళ్లు తాగి వెళ్లిపోయాయి. మర్నాడు మళ్లీ వచ్చాయి. ఆయన చెయ్యి దగ్గర పెట్టినా బెదరలేదు. తనను చూసి బెదరని ప్రాణిని ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండడు. ఏమైందో ఏమో, నల్లా బాగు చేయించడం మానేశాడు.

వారం తిరక్కుండా బోధన్ బస్సెక్కి ఎడపల్లిలో దిగాడు. అక్కడ నర్సన్న అని పాత స్నేహితుడు, చెరకు మడి గట్టు మీద తేనెపెట్టెలు పెట్టుకున్నాడు. ఒక పెట్టె ఇచ్చి, జాగ్రత్తలు చెప్పాడు. "నీడకు వెట్టు. పళ్లెంల గులకరాళ్లేసి నీళ్లు పొయ్యి, లేకుంటే మునుగుతయి. ఒక పూత అయిపోంగనే ఇంకో పూత ఉండాలె, ఏడాదంత. ఇగ చెట్లకు పురుగుమందు మాత్రం కొట్టకు లచ్చన్నా. ఒక్క పూట కొట్టినా కత్తం."

లక్ష్మీరాజం చెయ్యి మంచిదని ఒప్పుకోవాలి. పెరడంతా తవ్వాడు. గోడకు మునగ, మూలకు నిమ్మ, పందిరికి బీర, సొర, నేల మీద గుమ్మడి. తులసి కుండీలు వరసగా. నువ్వులు చల్లాడు, ధనియాలు చల్లాడు, బావి గచ్చు చుట్టూ బంతి పెట్టాడు. రెండేళ్లకు పెట్టె నిండి పక్కన రెండో పెట్టె వచ్చింది. కాళ్లకు పసుపు ముద్దలు అంటించుకుని ఈగలు ఇంటికొస్తుంటే, "వచ్చినవా బిడ్డా, అలసిపోయినవా" అని పలకరించేవాడు. లోపల అది విని రోజా చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయేది. ఆ ఇంటికి కోడలై వచ్చి తొమ్మిదేళ్లు, ఆమె ఆ గొంతు ఎన్నడూ వినలేదు.

అట్లాగని మనిషి మారాడనుకునేరు! చారులోకి రోజా నాలుగు కొత్తిమీర రెమ్మలు తెంపితే గల్లీ అదిరేట్టు అరిచాడు. "పూతకొచ్చినదాన్ని తెంపుతవా? నీ చారు పాడుగాను!" మనవరాలు నిఖిత బంతిపువ్వు తెంపబోతే ఈగ కుట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఈయన నేల మీద వంగి ఈగ కోసం వెతికాడు. "ముల్లు తెగి సచ్చిపాయె పాపం. నీకేమైందే, గోరంత వాపు" అన్నాడు ఏడేళ్ల పిల్లతో. గల్లీలో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చి దోమల పొగ బండి వస్తే, బండికి అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నాడు. పొగ పడితే తన ఈగలు చస్తాయట. బండి వెనక్కి పోయింది. గల్లీ మొత్తం దుమ్మెత్తిపోసింది, ఆయన చెవిన పెట్టలేదు.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు ఆగకుండా కొట్టిన వానలకు గుట్టల మీద తంగేడు రాలిపోయింది, గునుగు మడుల్లోనే కుళ్లిపోయింది. బజారులో బంతిపూల ధర వింటే కళ్లు తిరుగుతున్నాయి. గల్లీలో పూలున్నది ఒక్క లక్ష్మీరాజం పెరట్లోనే. ఉన్నవేమో మామూలుగా లేవు, విరగబూశాయి. బతుకమ్మ మొదలైన ఎనిమిది రోజులూ ఆయన పొద్దునే చాయ్‌కి కూడా పోకుండా కర్ర పట్టుకుని పెరట్లో కాపలా కూర్చున్నాడు. వానల తరువాత బయట పూత లేదు. పెరట్లో పూలు పోతే ఈగలకు తిండి పోయినట్టే. అవి పెట్టె విడిచిపెట్టి ఎగిరిపోతే తన గతేంటని ఆయన భయం.

తొమ్మిదో రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు సాయంత్రం గంగమణి పెరటి గేటు దగ్గరికి వచ్చింది.

"సారూ, రేపు సద్దుల బతుకమ్మ. గౌరమ్మకు రెండు గుమ్మడిపూలు, రెండు దోసిళ్ల బంతిపూలియ్యి. గుమ్మడివి కాయగాయని పోతుపూలే తెంపుకుంట."

"ఇయ్య."

"దేవునికే గద అడుగుతున్న."

"నీ దేవునికి పూలు లేకుంటే ఉపాసముంటదా? నా ఈగలుంటయి. నడువ్."

"ఏడాదికొక్క పండుగ సారూ. గల్లీ ఆడోళ్లంత నిన్నడుగుమని తోలిర్రు."

"గల్లీ ఆడోళ్ల సంగతి నాకు తెల్వదా? గేటు లోపటికి చెయ్యి వెడితే చెయ్యిరుస్త."

"మా బీడీలు ఇరిసినవ్, సాలలేదా?" అంది గంగమణి. గొంతు పెంచలేదు. ఖాళీ గంప నెత్తికెత్తుకుని పోయింది. కిటికీ వెనక నుంచి రోజా అంతా చూసింది.

నిఖిత వచ్చి తాత చేతి కర్ర పట్టుకుంది. "నా చిన్న బతుకమ్మకన్న నాలుగియ్యి తాతా." "కాయిదం పూలు వెట్టుకో, పో" అన్నాడు.

తెల్లవారి వాళ్లు ఎట్లైనా వస్తారని ఆయనకు తెలుసు. ఒక్కడు ఎంతమందిని ఆపుతాడు? కూర్చుని ఆలోచించాడు. బుర్ర పని చేసిందిగానీ, ఎన్నడూ చేసే పద్ధతిలోనే పని చేసింది. తను నమలడానికి దాచుకున్న తంబాకు డబ్బా తీసి, ఉన్నదంతా బకెట్ నీళ్లలో పోసి పిసికాడు. తెంపినవాళ్ల చేతులు మండాలి, ఆ కంపుకు కడుపులో తిప్పాలి, మళ్లీ జన్మలో ఈ పెరటి దిక్కు చూడొద్దు. అదీ ఆయన పన్నాగం. నర్సన్న మాట గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. కానీ మందంటే ఆయన లెక్కన దుకాణంలో సీసాలో అమ్మేది. ఇది ఆకు. ముప్పై నాలుగేళ్లు తనకు అన్నం పెట్టిన ఆకు. తనను ఏమీ చేయనిది ఈగల్ని ఏం చేస్తుంది? అయినా అవి తాగేది పువ్వు లోపల, తను చల్లేది పైపైన. ఈగలన్నీ పెట్టెల్లోకి పోయేదాకా ఆగి, నీళ్లు వడగట్టి, స్ప్రే డబ్బాతో ఒక్క పువ్వు వదలకుండా కొట్టాడు.

"ఏందది తాతా?" అంది నిఖిత.

"నీళ్లు."

మర్నాడు తొమ్మిది రోజుల్లో మొదటిసారి ధీమాగా హోటలుకు చాయ్ తాగబోయాడు. ఆయన అటు మలుపు తిరిగాడో లేదో, రోజా గేటు తీసి పట్టుకుంది. గంగమణి, ఆమె వెనక మరో నలుగురు గంపలతో లోపలికి వచ్చారు. పది నిమిషాల్లో బావి గచ్చు చుట్టూ ఒక్క బంతిపువ్వు మిగల్లేదు. గుమ్మడిపూలు పోయాయి. ఎవరి చేతులూ మండలేదు, ఎవరికీ కడుపులో తిప్పలేదు. మండుతాయా? పొద్దున లేస్తే తంబాకులో చేతులు పెట్టి బతికే ఆడవాళ్లు. ఆ వాసన వాళ్ల చీరల్లో ఉంది, జుట్టులో ఉంది, తినే అన్నం ముద్దలో ఉంది. పూల మీద ఉన్నట్టు వాళ్లకు తెలియనే లేదు. రోజాకు వాసన తగిలింది, అది వాళ్ల ఒంటి మీదిదే అనుకుంది. నిఖిత కూడా వాళ్ల వెంట బతుకమ్మ పేర్చడానికి గంగమణి ఇంటికి పోయింది. ఆయన కంటే మనుషుల్ని బాగా ఎరిగినవాడెవడూ అట్లాంటి పన్నాగం పన్నడు.

లక్ష్మీరాజం తిరిగొచ్చాడు. ఖాళీ మొక్కల్ని చూసి తిట్టడానికి నోరు తెరిచాడు. కాలి కింద ఏదో కదిలింది. బంతిమొక్కల కింద ఈగలు వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి. ఆడవాళ్లు రాకముందే, తొలిపొద్దు పూల మీద వాలినవి అవి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్ల మీద వణుకుతున్నాయి. తులసి మీద, బీరపూల మీద, పెట్టెల గడప మీద కుప్పగా పడున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. నాలుక బయటికి వచ్చి ఉంది. ఊదాడు, లేవలేదు.

కాళ్లకు చెప్పుల్లేకుండా గంగమణి వాకిట్లోకి ఉరికాడు. అప్పటికే బతుకమ్మ పేర్చడం అయిపోయింది. నిలువెత్తు కాకపోయినా నడుమెత్తుంది. గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మను నిలిపి, కుంకుమ పెడుతోంది గంగమణి. రోజా కూడా అక్కడే ఉంది.

"ఇసం వెట్టిర్రు! నా ఈగలకు ఇసం వెట్టి సంపిర్రు గదనే! లంగలు!"

గంగమణి లేచింది. మిగిలిన పూలలోంచి ఒక బంతిపువ్వు తీసి వాసన చూసింది. తెలియలేదు. ఒక రేకు నాలుక మీద పెట్టుకుని, వెంటనే ఉమ్మేసింది.

"తంబాకు" అంది. "నానవెట్టి పిండిన తంబాకు. మేమెందుకు జల్లుతం సారూ, మేం తెంపుకునే పూల మీద? ఎవలు జల్లిర్రు?"

"తాతనే" అంది నిఖిత. "నిన్న పొద్దుమీకి డబ్బాతోని కొట్టిండు. నీళ్లని జెప్పిండు."

రోజా పిల్ల రెక్క పట్టుకుని నల్లా దగ్గరికి లాక్కుపోయి సబ్బుతో మోచేతుల దాకా రుద్దింది. కడిగిందే కడిగింది. తరువాత వచ్చి మామ ఎదురుగా నిలబడింది. "పసిపిల్ల ముట్టుకుంటదన్న సోయి లేదా మామా నీకు? నువ్వు మనిషివేనా?" అంది. తొమ్మిదేళ్లలో ఆయన మొహం చూసి ఆమె అన్న మొదటి మాట అది. ఆయన వినడం లేదు. ఆయన చూపు బతుకమ్మ మీద ఉంది.

ఒక ఈగ వచ్చి బంతిపూల వరస మీద వాలింది. పెట్టెలో మిగిలినవి తిండి వెతుక్కుంటూ వస్తున్నాయి. పెరట్లో లేని పూలు ఇక్కడ ఉన్నాయి మరి. ఇంకోటి వచ్చింది. ఇంకో రెండు.

"గంగమణీ, గది ఇప్పెయ్. ఇప్పి పారెయ్. నీ కాళ్లు మొక్కుత."

"గౌరమ్మను నిలవెట్టినంక ఇప్పుతరా సారూ? చెరువుకు తోలేదాంక కదలది."

"గుడ్డన్న కప్పు. జర దయ సూపు."

"బతుకమ్మకు ముసుగేస్తరా? అదేమన్న పీనుగా?"

"నా ఈగలన్నీ సస్తయే!"

"సావనియ్యి" అంది గంగమణి, పొయ్యి మీద పులిహోర ఉందని ఇంట్లోకి పోయింది.

ఇక ఆయన భుజం మీది కండువా తీశాడు. వచ్చిన ఈగనల్లా తరమడం మొదలుపెట్టాడు. "పో బిడ్డా, పో, ముట్టకు" అంటూ బతుకమ్మ చుట్టూ తిరిగాడు. ఇన్నేళ్లు రమ్మని పిలిచిన నోటితోనే పొమ్మంటున్నాడు. అవి అటు పోయినట్టే పోయి ఇటు వాలుతున్నాయి. వాలినవి కాసేపటికి జారి బతుకమ్మ కింది పళ్లెంలో పడుతున్నాయి. ఎండెక్కింది. గల్లీ ఆడవాళ్లు వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పిల్లలు "ముసలోడు బతుకమ్మ ఆడుతుండు" అని చప్పట్లు కొట్టారు. ఒక్కరంటే ఒక్కరు నీళ్లివ్వలేదు. రోజా పిల్లను తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మూడు దాటాక ఈగలు రావడం తగ్గింది. తరువాత ఒక్కటీ రాలేదు. ఆయన మాత్రం కండువా ఊపుతూనే ఉన్నాడు. పొద్దు వాలింది. పట్టుచీరలు కట్టుకుని ఆడవాళ్లు వాకిట్లో చేరారు. గంగమణి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఇగ రావులే సారూ" అంది. "జర పక్కకు జరుగు, మేమాడాలె."