మబ్బు పట్టిన నాటి కోళ్ల పెంట

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. బరువుగానే ఉంది. అట్లాగని ఏడుస్తూ చెబుతానని మాత్రం అనుకోకండి. మీ జాలి నాకొద్దు, క్షమించడం అంతకన్నా వద్దు. విని ఊరుకోండి, చాలు.

పెన్‌పహాడ్ దగ్గర మా ఇంటి వెనక పది గుంటల నేలలో కుంట తవ్వించాను. బొచ్చె, రవ్వ చేపపిల్లలు వదిలాను. ఆడదానికి చేపల పెంపకం ఏమిటని మా అత్త సణగని రోజు లేదు. సణుగుతూనే కూరలో రెండో ముక్క వేసుకునేది, అది వేరే సంగతి. మా ఆయన మాత్రం ఒక్కటే మాట అన్నాడు: "ఒక్కపారి చేపలు సచ్చినయంటే కుంట పూడ్సి పత్తి పెడ్త. మల్ల నన్ను అనొద్దు." ఆ ఇంట్లో నాది అని చెప్పుకోగలిగింది ఆ కుంట ఒక్కటే. తవుడు చల్లితే చేపలు మూతులు తెరుచుకుని నా కాళ్ల దగ్గరికి వచ్చేవి.

నీళ్లు పచ్చబడితేనే చేప బలుస్తుంది. అందుకని కోళ్ల పెంట వేస్తాం. ఎంత వేస్తే అంత మంచిదనుకున్నాను. ఆ వేళ ముసురు పట్టి ఉంది, రెండు రోజులుగా ఎండ లేదు. నేను బస్తా మీద బస్తా గుమ్మరిస్తుంటే పక్క చేను అతను గట్టు మీద ఆగాడు. ఊళ్లో అందరి పత్తికీ కూలికి పురుగుమందు కొట్టేది అతనే. వీపున మందు డబ్బా అట్లాగే ఉంది.

"వదినే, మబ్బు మూసింది. ఇయ్యాల పెంట వెయ్యకు. చేపలకు దమ్మాడదు."

"నీ డబ్బా సంగతి నువ్వు సూస్కో. నా కుంట సంగతి నాకెర్కనే."

"నీ ఇష్టం మరి," అని నవ్వి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి కుంట నిండా తెల్లటి పొట్టలు. మా ఆయన ఇంట్లోంచి గట్టు వైపు వస్తున్నాడు. ఆలోచించే వ్యవధి లేదంటే అబద్ధమవుతుంది. ఉంది. ఆయన గట్టు ఎక్కేంత సేపు ఉంది. అంతలోనే నిర్ణయించుకున్నాను. పక్క చేను అతను మందు డబ్బా నా కుంటలో కడిగాడని గొంతు చించుకుని అరిచాను. అతని ఇంటి ముందుకు పోయి దుమ్మెత్తిపోశాను. ఊరు పోగైంది.

"నేను కడుగలే," అన్నాడు. అంతే. నా వైపు చూశాడు. ముందు రోజు నాకేం చెప్పాడో అందరి ముందూ చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే నా కుంట పోతుందని తెలిసే ఊరుకున్నాడా? ఊరుకొమ్మని నేను అడిగానా? ఇన్నేళ్లూ నాకు ఒళ్లు మండేది ఇందుకే. ఎదురు తిరిగి ఉంటే నాలుగు తిట్టి మరిచిపోయేదాన్ని.

ఆ తర్వాత అతన్ని ఎవరూ మందు కొట్టడానికి పిలవలేదు. బావుల దగ్గరికి కూడా రానివ్వలేదు. పెళ్లాన్ని తీసుకుని మిర్యాలగూడ పోయాడు. అక్కడ రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడట.

తప్పు అతని మీద పడింది కాబట్టి నా కుంట మిగిలింది. ఆనాడు నిజం చెప్పి ఉంటే అక్కడ ఇప్పుడు పత్తి ఉండేది. మళ్లీ ఆ గట్టు మీద నిలబెడితే ఏం చేస్తాను? చెప్పలేను. మంచిదాన్ని అనిపించుకోవడానికి నేనిది చెప్పడం లేదు.

ఇప్పుడు ఆత్మకూరు నుంచి, తిరుమలగిరి నుంచి ఆడవాళ్లు నా కుంట చూడటానికి వస్తారు. మబ్బు పడితే పెంట వేయొద్దని అందరికీ చెబుతాను. మొన్న ఒకామె, ఇవన్నీ ఎవరు నేర్పారక్కా అని అడిగింది. ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నానన్నాను. తడుముకోకుండా వచ్చేసింది ఆ మాట. ఆమె బస్సెక్కి పోయాక గట్టు మీదికి పోయి నన్ను నేనే అడిగాను. అతని బతుకుదెరువు తీసింది చాలక, అతను చెప్పిన మాట కూడా నాదే అని చెప్పుకుంటున్నానా? ఛీ!

ఈసారి ఎవరైనా అడిగితే మా ఆయన పక్కనే ఉన్నా చెబుతాను. కుంట పూడుస్తానంటే పార పట్టుకుని రమ్మనండి, చూస్తాను. ముందు మీకు చెబుతున్నాను. నాకు నేర్పింది పక్క చేను యాదగిరి. చేపలు చావకముందే చెప్పాడు.