దారి తప్పిన తోకచుక్క, ఒప్పుకోని సారు

"ఏమ్మే మేకా, సారు పోయినాడు. పొద్దున్నే." నంద్యాల నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్. ఇన్నేళ్లయినా వాడికి నా అసలు పేరు నోటికి రాలేదు. ఆ మేక అనే పేరు నాకు తగిలించింది పోయిన ఆ సైన్సు సారే. అందుకే ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. చదువుతున్న మీరు ఆయన శిష్యులైతే తిట్టుకోండి, నాకేం.

మంచి కూడా రాస్తాను. ఆయన చెప్పిన పాఠం ఇంటికెళ్లి మళ్లీ చదవాల్సిన పని ఉండేది కాదు. సుద్దముక్కతో ఒక్క ఊపులో గుండ్రం గీస్తే ఎక్కడా వంకర ఉండదు. ఈ రోజు ఆళ్లగడ్డలో నేను సైన్సు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే. ఇక మిగతాది వినండి.

పదో తరగతిలో తోకచుక్కల పాఠం. కొన్నేళ్లకోసారి తిరిగొచ్చే తోకచుక్క ఒకటి రావాల్సిన సమయానికి రాలేదని, ఎవరికీ కనపడకుండా పోయిందని చెప్పాడు. "పోయిందంటే చచ్చినట్టే. రాసుకోండి." మాది వెలుగోడు పక్కన పల్లె. నేను లేచి నిలబడ్డాను.

"సార్, మా ఊర్లో మేక పోయిందంటే చచ్చిందని కాదు సార్. ఎతకల్లని."

క్లాసంతా ఘొల్లుమంది. సారు మొహం కందగడ్డయింది. "బయటికి పో. ఆడ నిలబడి ఎతుక్కో, మేకా." ఆ మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టాడు. నా పెళ్లి పందిట్లో కూడా స్నేహితులు ఆ పేరుతోనే పిలిచారు.

టీచరయ్యాక ఒకరోజు పేపర్లో చూశాను. ఆ తోకచుక్క దొరికింది! గురుగ్రహం లాగడంతో దాని దారి మారిందట, పాత దారిలో కాపు కాసినవాళ్లకి అందుకే కనపడలేదట. దారి తప్పించింది గురుడేనన్న మాట కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి, ఆ ముక్క కత్తిరించుకుని నంద్యాల బస్సెక్కాను. నువ్వు చెప్పిందే రైటు అని ఆయన నోటితో ఒక్కసారి అంటే చాలు.

సారు కళ్లద్దాలు పైకి నెట్టి మొత్తం చదివాడు. "ఇది వేరేది. నీ మేక కాదు. కాపీ తాగి పో." తాగలేదు. ఆ గుమ్మం మళ్లీ తొక్కకూడదనుకుని వచ్చేశాను.

పోయిన నెల ఆయన భార్య ఫోన్ చేసింది. "మంచం పట్టినాడు పాపా. నిన్నే అడుగుతాండాడు, ఒకతూరి వచ్చిపో." వెళ్లాను. మనిషి సగమైపోయాడు. నన్ను చూసి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. క్యాలెండర్ కాగితం ఒకటి వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టుకుని, పెన్సిల్ అందుకున్నాడు.

"ఆ తోకచుక్క మళ్లా ఎప్పుడొస్తాది?"

తనకు తెలియనిది ఒకటుందని ఎవరి ముందూ బయటపడని మనిషి. నేను ఇన్నేళ్లు ఆయన నోట వినాలనుకున్న ఒప్పుకోలు అదేనని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ రోజు నాకు ఎండే గుర్తొచ్చింది.

"చచ్చింది కదా సార్. యాడొస్తాది?"

నాకు సంవత్సరం తెలుసు, నెల కూడా తెలుసు. చెప్పలేదు. ఆ మాటన్న నోటిని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం. బస్సు టైమైందని లేచి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాను. కాగితం మీద పెన్సిల్ ఆనించి, నేను చెప్తాననుకుని, ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు.