ఎడమచేతి వాటం ట్రైలర్

ఆర్విల్ టాంగెన్‌కి ట్రైలర్ వెనక్కి నడపడం రాదు.

ఈత రాని చేప ఎక్కడైనా ఉంటుందా అని అడక్కండి. మిన్నెసోటా ఉత్తరాన పైన్‌హోల్ట్ సరస్సు ఒడ్డున ఒకటుంది, దాని పేరు ఆర్విల్. డెబ్బై దాటిన మనిషి. నడక రాకముందే పడవెక్కాడని చెప్పుకుంటారు. ఏ గాలికి వాలై చేప ఏ మూల నక్కుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒంటిచేత్తో గాలం ముడి వేస్తాడు. కానీ పడవ ఉన్న ట్రైలర్‌ని నీళ్ళలోకి దిగే సిమెంటు ర్యాంపు మీద వెనక్కి పోనివ్వమంటే మాత్రం, ట్రక్కుకీ ట్రైలర్‌కీ ఏడు తరాల పగ ఉన్నట్టు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ లాగుతాయి. ట్రైలర్ కాస్తా మడతకత్తిలా ముడుచుకుని ట్రక్కు మొహంలోకి చూస్తుంది.

అప్పుడు ఆర్విల్ తాపీగా దిగి, నడుం మీద చేతులేసుకుని ట్రైలర్‌నే నిలదీస్తాడు.

"ఏమే, నలుగురి ముందు నా పరువు తీయడం నీకంత సరదానా?"

అది మాట్లాడదు. ఆర్విల్ జనం వైపు తిరిగి చేతులు చాస్తాడు.

"ఏం చేయను? దీనిది ఎడమచేతి వాటం."

జనం అంటే మామూలు జనం కాదు. మే నెలలో చేపల వేట మొదలయ్యే రోజున ఊరు ఊరంతా డెల్ఫీన్ ఎరల కొట్టు ముందు మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. ర్యాంపు ఎదురుగానే ఉంది, పైగా టిక్కెట్టు లేదు. డెల్ఫీన్ ఒక బల్ల మీద కాఫీ గ్లాసులూ ఎరచేపల బకెట్లూ పక్కపక్కనే పెట్టి అమ్ముతుంది. ఇంతవరకు ఒకటనుకుని ఒకటి తాగినవాళ్ళు లేరని ఆమె వాదన. పడవ దింపే ప్రతివాడికీ ఈ కుర్చీల వాళ్ళు పదికి ఇన్నని మార్కులేస్తారు. ఆర్విల్‌కి సున్నా తప్ప వచ్చిన దాఖలా లేదు. ఒక ఏడాదైతే పడవ వెనక పట్టీలు విప్పడం మరచిపోయి పడవతో పాటు ట్రైలర్‌ని కూడా తేల్చాడు. ఆ రోజు కుర్చీలన్నీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి.

ఆ చప్పట్లలో అందరికంటే గట్టిగా వినిపించినవి లైల్ హెంకెల్‌వి.

లైల్ సెయింట్ పాల్ నగరంలో ఒక బీమా కంపెనీలో ప్రమాదాలు లెక్కగట్టే ఉద్యోగం చేసి, ముందే రిటైరై ఈ సరస్సు ఒడ్డుకి వచ్చి పడ్డాడు. వస్తూనే తళతళలాడే అల్యూమినియం పడవ కొన్నాడు. దాన్ని నీళ్ళలోకి దింపాలన్న సంగతి కొన్నాక తెలిసింది. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుందని పుస్తకంలో చదివాడు, బొమ్మ గీసుకున్నాడు, బట్టీ పట్టాడు. తీరా ర్యాంపు మీదికి వచ్చేసరికి కుడేదో ఎడమేదో మరచిపోయాడు. భార్య నోరీన్ వెనక నిలబడి చేతులూపుతూ, "ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ!" అని కేకలు. ఆ ఏడాది వాళ్ళిద్దరూ విడాకులు తీసుకోకపోవడానికి ఒక్కటే కారణం. వాళ్ళకి ముందు ఆర్విల్ దిగాడు.

ఆర్విల్ ఆ రోజు ర్యాంపుకి అడ్డంగా తిరిగాడు, ఒక చక్రం గడ్డిలోకి ఎక్కించాడు, పడవలు కట్టే డాకు చెక్కలకి ముద్దు పెట్టాడు, ట్రైలర్‌తో పోట్లాడాడు. కుర్చీల వాళ్ళు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటున్న ఆ సందులో, లైల్ నాలుగైదు తప్పుల మీద ఎలాగో పడవ దింపేశాడు. అతన్ని చూసిన నాథుడు లేడు. "పర్లేదే, కుర్రాడు" అని ఎవరో ఐదు మార్కులు కూడా వేశారు.

మనిషికి ఐదు మార్కులు చాలా ప్రమాదం. ఆరో మార్కు మీద ఆశ పుడుతుంది. మరుసటేడు నుంచి లైల్ ఆర్విల్‌కి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడండి పెద్దాయనా, స్టీరింగు కింది భాగం పట్టుకోవాలి. చెయ్యి ఎటు పోతే ట్రైలర్ అటు పోతుంది. చాలా తేలిక."

"కింది భాగమా? అబ్బో!" అని ఆర్విల్ నోరు తెరిచేవాడు. "ఇన్నేళ్ళూ పై భాగం పట్టుకుని ఎంత నష్టపోయానో! మళ్ళీ ఒక్కసారి చెప్పు నాయనా."

లైల్ మళ్ళీ చెప్పేవాడు. అర్థమయ్యేలా కాఫీ గ్లాసుతో, చెంచాతో చూపించేవాడు. ఆర్విల్ బుద్ధిగా తలూపి, నేరుగా వెళ్ళి మళ్ళీ ట్రైలర్‌ని మడతపెట్టేవాడు. "బుర్రకెక్కదు, పాపం" అని లైల్ జాలిపడేవాడు. కుర్చీల వాళ్ళు అతన్ని 'మాస్టారు' అని పిలవడం మొదలెట్టారు. అది గౌరవమే అనుకున్నాడు లైల్.

ఇలా ఏళ్ళు గడిచాక, పోయిన సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున లైల్ డాకు మీద మరచిపోయిన వల తెచ్చుకోవడానికి వచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది. ర్యాంపు దగ్గర పురుగు లేదు. చేపలు శుభ్రం చేసే రేకుల షెడ్డు వెనక కారాపి దిగుతుంటే, ఆర్విల్ ట్రక్కు వచ్చింది. 'పాపం, సాయం చేద్దాం' అని రెండడుగులు వేసి ఆగిపోయాడు లైల్.

ఆర్విల్ ఒక చేతిలో కాఫీ పట్టుకుని, రెండో చెయ్యి స్టీరింగు మీద ఊరికే ఆనించి, ఈల వేసుకుంటూ వెనక్కి వచ్చాడు. సూదిలో దారం ఎక్కినట్టు ట్రైలర్ తిన్నగా ర్యాంపు మధ్యకి దిగింది. కొక్కెం తీశాడు, పడవ జారింది, తాడు కట్టాడు, ట్రక్కు తీసుకెళ్ళి చెట్ల కింద పెట్టాడు. కాఫీ ఒక్క చుక్క ఒలకలేదు. స్టీరింగు పట్టుకున్నది పై భాగమే.

లైల్ వల సంగతి మరచిపోయి ఎరల కొట్టుకి పరిగెత్తాడు.

"ఆర్విల్‌కి వచ్చు!"

"ఏం వచ్చు?" అంది డెల్ఫీన్, ఎరచేపల తొట్టిలోంచి తలెత్తకుండా.

"వెనక్కి నడపడం!"

"మొత్తానికి కనుక్కున్నావన్నమాట."

"నీకు తెలుసా?"

"మా పిల్లికి కూడా తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళుగా ఆయనకి పాఠాలు చెబుతున్నానే! చెంచా పెట్టి మరీ!"

"చెంచా నాదే. ఎందుకు చెబుతాం? ఈ ఊళ్ళో టీవీ సరిగ్గా రాదు, మాకూ కాస్త కాలక్షేపం ఉండాలి కదా."

"అసలు ఆయనకి ఇదేం పాడు సరదా? అంతమంది ముందు వెధవాయి అనిపించుకోవడం?"

డెల్ఫీన్ చేతిలోని ఎరచేపల వల దులిపి పక్కన పెట్టింది. "లైల్, వరుసలో ఆయన వెనకాల ఎవరుంటారో ఎప్పుడైనా చూశావా?"

లైల్ ఆలోచించాడు. పోయినేడు కొత్తగా పడవ కొన్న బడిపంతులు. అంతకుముందు కంటి ఆపరేషనై చాన్నాళ్ళకి వచ్చిన తపాలా ఉద్యోగి. ఇంకా ముందు ఏడాది, ఆ ముందు ఏడాది అని వెనక్కి వెనక్కి వెళ్ళి, చివరికి నోరీన్ కేకలు వినబడే చోటికి చేరాడు.

"నేనున్నాను," అన్నాడు నీరసంగా.

"ఇప్పుడు దిగింది నీ పడవ," అంది డెల్ఫీన్.

చలికాలమంతా చర్చి విందుల్లో హాట్‌డిష్ అనే వంటకం వడ్డించుకుంటూ ఇద్దరూ ఎదురుపడినా లైల్ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే పాఠాల సంగతీ ఎత్తాలి.

ఈ ఏడాది మే వచ్చింది. కుర్చీలు వచ్చాయి. ఆర్విల్ కూడా వచ్చాడు, కానీ కాలినడకన, కుడిచేతికి పిండికట్టుతో. మంచు కరిగాక డాకు సరిచేస్తూ జారిపడ్డాడట. సరిగ్గా ఆ రోజే ఊరంతా జనెల్ కోసం ఎదురు చూస్తోంది.

జనెల్ సోబ్‌చాక్ ఆసుపత్రిలో నర్సు. సొంత సంపాదనతో పాత పడవొకటి కొనుక్కుంది. వాళ్ళన్న డ్వేన్ నవ్వాడు. "నువ్వా? సాయం లేకుండా దింపావంటే పడవ నీది. ర్యాంపు మీద ఒక్కసారి 'అన్నయ్యా' అని పిలిచావంటే నా గ్యారేజీకి వస్తుంది, సరేనా?" అన్నాడు. కోపంలో ఆ పిల్ల సరేనంది. ఇప్పుడు వరుసలో స్టీరింగు పట్టుకుని కూర్చుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. డ్వేన్ ముందు వరుస కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఆర్విల్ వచ్చి లైల్ ట్రక్కు కిటికీ మీద కొట్టాడు.

"నాయనా, నువ్వు ఆ పిల్లకి ముందు దిగు. కాస్త... నాలాగా."

"మీలాగా అంటే?"

"తెలియనట్టు అడక్కు. సెప్టెంబరులో షెడ్డు వెనక నీ కారు చూశాను. కనబడకపోవడానికి అదేమన్నా దోమా?"

లైల్ కుర్చీల వైపు చూశాడు. ఏళ్ళ తరబడి కష్టపడి తెచ్చుకున్న ఐదు మార్కులు కళ్ళముందు కదిలాయి. జనెల్ వైపు చూశాడు. ఆ మొహం ఎక్కడో చూసినట్టుంది. మొదటి ఏడాది ఇదే ర్యాంపు మీద తన పెళ్ళాం తీసిన ఫోటోలో, తనదే.

"సరే," అన్నాడు. "నటిస్తాను."

ఆర్విల్ అతని పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వెనక వంగి ఏదో చూసి, "ఇక కానియ్" అన్నాడు.

లైల్ ట్రైలర్‌ని మడతపెట్టడానికి ఎటు తిప్పాలో ఆలోచించి అటు తిప్పాడు. ట్రైలర్ తిన్నగా వెళ్ళింది. కంగారుపడి ఇటు తిప్పాడు. ఇంకా తిన్నగా వెళ్ళింది. గడ్డిలోకి ఎక్కిద్దామని చూస్తే చక్రాలు సరిగ్గా ర్యాంపు నడిమధ్యకి చేరాయి. బతుకంతా ఏడిపించిన ట్రైలర్, ఏడిపించమని బతిమాలిన రోజున పెళ్ళికూతురిలా తలవంచుకుని నీళ్ళలోకి దిగింది. పడవ జారి డాకు పక్కన చేరింది. తాడు కట్టేసి ట్రక్కు పైకి తెస్తుంటే, కుర్చీల వాళ్ళు మెడలు చాచి చూశారు.

"తొమ్మిది!" అన్నాడు డ్వేన్ నమ్మలేనట్టు. "మాస్టారూ, తొమ్మిది!"

లైల్ జన్మలో అంత సిగ్గుపడలేదు. పక్కనుంచి పోతూ జనెల్ వైపు చూశాడు. తొమ్మిది మార్కుల తర్వాత దిగాల్సిన ఆ పిల్ల, చెల్లెలిగా ఓడిపోవడానికి సిద్ధమవుతోంది. ఆమె ట్రైలర్ అప్పటికే కొద్దిగా వంకర తిరిగింది. డ్వేన్ కుర్చీలో ముందుకి వంగాడు.

"లైల్!" అని కేక పెట్టింది డెల్ఫీన్. "నీ పడవ నీళ్ళు తాగుతోంది!"

సరస్సు వదిలేటప్పుడు పడవ అడుగు కన్నానికి బిరడాలా ఉండే ప్లగ్ తీసి నీళ్ళు వదిలేయడం ఇక్కడి చట్టం. మళ్ళీ వచ్చినప్పుడు అది పెట్టడం మరచిపోవడం ఇక్కడి ఆచారం. లైల్ పడవ వెనక భాగం నెమ్మదిగా స్నానానికి దిగుతోంది. కుర్చీలన్నీ బోర్లా పడ్డాయి. ఊరంతా డాకు మీదికి పరిగెత్తింది. లైల్ బూట్లతోనే పడవలోకి దూకి, చేతికందిన బకెట్‌తో నీళ్ళు తోడబోయాడు. అది ఎరచేపల బకెట్. పిల్లచేపలన్నీ అతని చొక్కాలోకి వలస వచ్చాయి.

"తోడు మాస్టారూ, తోడు!"

"బకెట్ కింది భాగం పట్టుకో లైల్! చాలా తేలిక!"

డ్వేన్ అందరికంటే ముందు తాడు పట్టుకుని, ర్యాంపుకి వీపు పెట్టి, నవ్వలేక చస్తూ లాగుతున్నాడు.

కాసేపటికి వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"లైల్ గారూ, కాస్త పక్కకి జరుగుతారా? నా పడవ కట్టుకోవాలి."

అందరూ తిరిగి చూశారు. జనెల్ పడవ నీళ్ళ మీద ఉంది. ట్రక్కు పైన చెట్ల కింద ఉంది. ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ వెళ్ళిందో, ఎంత వంకరపోయిందో చూసినవాళ్ళు లేరు.

"నేను చూడలేదు! ఇది చెల్లదు!" అన్నాడు డ్వేన్.

"'అన్నయ్యా' అని పిలిచిందా?" అంది డెల్ఫీన్.

"లేదు..."

"మరింకేం? తాడు లాగు."

లైల్ సగం మునిగిన పడవని ట్రైలర్ మీదికి ఎక్కించడానికి మళ్ళీ ట్రక్కు తెచ్చాడు. ఈసారి తిన్నగా దింపాలని మనస్ఫూర్తిగా అనుకున్నాడు. కాబట్టి ట్రైలర్ వెంటనే మడత పడింది. ఒకసారి గడ్డిలోకి, ఒకసారి డాకు మీదికి పోయాక, మరో నలుగురు తోస్తే పడవ ట్రైలర్ ఎక్కింది. పడవని బిగించే చేతిమర తిప్పుతుంటే వెనక కన్నంలోంచి సరస్సు ధారగా కారిపోయింది, మధ్యమధ్య ఒకటీ అరా ఎరచేపతో సహా. ఆర్విల్ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"పొద్దున ప్లగ్ పెట్టాను," అన్నాడు లైల్ చొక్కా పిండుకుంటూ. "నాకు బాగా గుర్తు. నేనే పెట్టాను."

"పెట్టావు. గట్టిగానే పెట్టావు," అని ఆర్విల్ పిండికట్టు మడతలోంచి ప్లగ్ తీసి అతని అరచేతిలో పెట్టాడు. "ఒంటిచేత్తో తియ్యడానికి ప్రాణం పోయిందనుకో."

లైల్ ప్లగ్ వైపూ ఆర్విల్ వైపూ మార్చి మార్చి చూశాడు. "నటిస్తానన్నాను కదా!"

"నీ నటన మీద నాకు అనుమానం లేదు నాయనా, నీ నడపడం మీదే. ఇన్నేళ్ళు చూశాను. నువ్వు ఎటు పోవాలనుకుంటే అది అటు తప్ప అన్నివైపులకీ పోతుంది. కావాలని తప్పుగా తిప్పితే ఎక్కడ తిన్నగా దిగుతుందోనని హడలిపోయాను."

అంతలో కుర్చీల వైపు నుంచి డ్వేన్ అరిచాడు. "ఏమైంది మాస్టారూ? ప్లగ్ పెట్టడం పుస్తకంలో రాయలేదా?"

లైల్ గుప్పిట్లో ప్లగ్ ఉంది. గుప్పిటి తెరిస్తే చాలు, తొమ్మిది మార్కులు మళ్ళీ అతనివే. సరస్సు మీద జనెల్ ఇంజను రెండుసార్లు దగ్గి, అందుకుంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడకుండా నడిమధ్యకి సాగిపోతోంది.

లైల్ ప్లగ్‌ని జేబులో వేసుకున్నాడు. నడుం మీద చేతులేసుకుని ట్రైలర్ వైపు ఒకసారి చూసి, జనం వైపు తిరిగాడు.

"ఏం చేయను? దీనిది ఎడమచేతి వాటం."

కుర్చీలు గొల్లుమన్నాయి. ఆర్విల్ మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"ఆ మాట నాది."

"మీ చెయ్యి బాగుపడేదాకా అరువు, పెద్దాయనా," అన్నాడు లైల్, చొక్కాలోంచి ఆఖరి ఎరచేపని తీసి నీళ్ళలోకి వదులుతూ.