ఉబ్బెత్తు అద్దంలో మూడో మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఎగతాళి చేసినవాణ్ణి నేను. ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. కొలతకు అందనిది నమ్మకూడదని నా పట్టుదల.

ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలు దగ్గరపడుతుంటే జమ్మలమడుగు దగ్గర పల్లెలో పార్టీ నాయకుడు, నాకు వరసకు మామ, తన ఇంటికి కెమెరా పెట్టమని కబురు పంపాడు.

కెమెరాకు ఎదురుగా, రోడ్డు మలుపుల్లో పెట్టే ఉబ్బెత్తు అద్దం బిగించాను. మనిషి నేరుగా ఒకసారి, అద్దంలో ఇంకోసారి కనిపిస్తాడు. ఆ రెండు చూపులూ కలిస్తేనే అతను ఎంత దూరంలో ఉన్నాడో తేలుతుంది. ముందు అద్దం వంపు కంప్యూటరుకు తెలియాలి. అందుకని మామ అనుచరుడు నాగరాజు నలుపు తెలుపు గళ్ల పలక పట్టుకుని ముంగిట్లో చోట్లు మారుతూ నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. మామ గోడవార కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

ఫోటోల్లో, అద్దంలో మాత్రం మామ వెనక ఇంకెవరో ఉన్నారు. నేరుగా చూస్తే అక్కడ ఉత్త గోడే.

మరకేమోనని అద్దం తుడిచాను. నాగరాజు మీద అనుమానమొచ్చి, అతణ్ణి పక్కకు పంపి మళ్లీ తీశాను. ఆ మనిషి అక్కడే ఉన్నాడు.

ఒక్క చూపులోనే కనిపించేదానికి దూరం రాకూడదు. వచ్చింది, తెర మీద అంకెలతో. మామ భుజానికి చేయి అందేంత దగ్గర.

మామకు తెర చూపించాను. ఆయన మొహం మారిపోయింది.

"నిన్ను ఎవురు పంపినారప్పా? నన్ను బెదిరిచ్చేకి బొమ్మలు చేసుకోనొచ్చినావా?"

"ఎవరూ పంపలేదు మామా."

నాగరాజు వెళ్లి గేటు మూశాడు.

ఆ అరుపులకు అత్త బయటికొచ్చి తెర మీదికి వంగింది.

"మా సుబ్బన్న గదా!"

సుబ్బన్న ఆమె తమ్ముడు. ఎదుటి వర్గం చంపిందని కేసు నడిచింది. నేను అతణ్ణి ఎన్నడూ చూడలేదు.

"వాడు నీ ఎనక ఎందుకు నిలబడినాడు?" అంది అత్త. ఆమె చూపు తెర మీద లేదు, మామ మీద ఉంది. ఆయన నాగరాజు చేత అద్దం పగలగొట్టించి, నన్ను పొమ్మన్నాడు.

ఆ ఫోటోలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. కొత్త ప్రోగ్రాములతో ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. అదేమిటో నాకు తెలియదు.

ఆ వారంలోనే అత్త సంచి పట్టుకుని ప్రొద్దుటూరు బస్టాండులో కనిపించింది. పులివెందులలో చెల్లెలింటికి పోతోంది.

"ఆ కొలత తప్పయ్యేది ఏమన్నా ఉందా నాయనా?"

ఉందని చెప్పలేకపోయాను. అత్త తలూపి బస్సెక్కింది. ఆమె మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.