గేటు బయటి సార్

మా నారాయణపేట జిల్లా అయిన కొత్తలో నా బిడ్డ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరింది. నేను చేర్చలేదు. తనే పోయి చేరి, ఇంటికొచ్చి చెప్పింది. మా ఆయన మగ్గం మీద నుంచి తలెత్తకుండానే ఆడనియ్యమన్నాడు. మా అత్త మాత్రం కండెలు చుట్టే రాట్నం ఆపి, ఆడపిల్ల మోకాళ్లు పగలగొట్టుకుంటే రేపు ఎవరికి చూపిస్తావని నన్ను అడిగింది. దవాఖానలో చూపిస్తానన్నాను.

నా సంగతి ముందే చెబుతాను. నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. కానీ ఊళ్లో నాకున్న పేరు పాఠాల వల్ల రాలేదు, నోటి వల్ల వచ్చింది. కరెంటు ఆఫీసులో గానీ రేషన్ షాపులో గానీ బస్సులో సీటు దగ్గర గానీ నాతో వాదన పెట్టుకుని గెలిచిపోయిన మనిషి లేడు. అలాంటి నా కడుపున ఈ పిల్ల ఎట్లా పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు. నాలుగు ప్రశ్నలడిగితే ఒకదానికి తలూపుతుంది. బడిలో ఎవరో చేసిన అల్లరికి తనను నిలబెట్టినా, నేను కాదని ఒక్క మాట అనకుండా గంటసేపు నిలబడి వస్తుంది. ఆ టీచర్‌తో తగువు పెట్టుకోవడానికి మళ్లీ నేనే పోవాలి.

క్లబ్బు అంటే ఏదో అనుకునేరు. ఊరి చివర రాళ్లు ఏరి చదును చేసిన జాగా, రెండు ఇనుప గోల్ పోస్టులు, చుట్టూ కంచె, ఒక గేటు. నడిపేది ఒక సర్కారు బడి పీఈటీ సార్. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, బూట్లు లేకుండా ఆడి, ఆ ఆటతోనే ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. పిల్లలకు ఆయనంటే ఎంత ప్రేమో అంత భయం. నా బిడ్డకైతే మరీ. నేను వంద సార్లు చెప్పినా తాగని పాలు, సార్ ఒక్కసారి అన్నాడని గటగటా తాగేది.

ఒక ఆదివారం పొద్దున సార్ తల్లిదండ్రులందరినీ గ్రౌండుకు పిలిపించాడు. కుర్చీలు లేవు, ఎండలోనే నిలబడ్డాం. పిల్లలకు పెట్టిన కట్టుబాట్లు ముందు చెప్పాడు. ఎదుటి జట్టు పిల్లను పడగొడితే, పడగొట్టిన పిల్లే చెయ్యిచ్చి లేపాలి. రిఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కతే. ఇవి విని అందరం తలూపాం. ఆ తర్వాత మా వంతు వచ్చింది. మ్యాచ్ జరుగుతుండగా రిఫరీ మీద గానీ, ఎదుటి పిల్లల మీద గానీ, మన పిల్లల మీద గానీ మన వైపు నుంచి ఎవరు అరిచినా, ఆట అయిపోయేదాకా గేటు బయటే ఉండాలి. ఆ మాట చెప్పి పంపేది కెప్టెన్. ఆ మనిషి గేటు దాటేదాకా కెప్టెన్ ఆటలోకి తిరిగి రాదు. జట్టు ఒకరు తక్కువగా ఆడుతుంది.

నేను ఊరుకుంటానా? చిన్నపిల్ల చేత పెద్దవాళ్లను గెంటించడమేమిటి, ఆ పనేదో మీరే చేయొచ్చు కదా అని అడిగాను.

“నేను పంపితే మీకు నా మీద కోపమొస్తది, మేడం. పిల్ల పంపితే సిగ్గొస్తది,” అన్నాడు.

మాట్లాడే హక్కు రాజ్యాంగం అందరికీ ఇచ్చిందని గుర్తుచేశాను. మాట్లాడుడు వేరు, ఒర్రుడు వేరు అని, నేను ఇంకో మాట వెతుక్కునేలోపు విజిల్ ఊది పిల్లలను పరుగుకు పంపేశాడు.

ఆ కట్టుబాటు నిజంగా నడుస్తుందని నేను నమ్మలేదు. మన దేశంలో గోడ మీద రాసినవన్నీ నడిస్తే నాకు పాఠం చెప్పే పని ఇంత కష్టమయ్యేది కాదు. నమ్మింది మొదటి మ్యాచ్‌లోనే. ట్రాక్టర్ల షోరూం నడిపే ఒకాయన, మా జట్టులో ఒక పిల్ల తండ్రి, గోల్ తప్పిన తన బిడ్డను అందరి ముందు గాడిదా అన్నాడు. రోడ్డు మీదికి కట్టిన షోరూం మెట్టును మున్సిపాలిటీ వాళ్లు నోటీసు ఇచ్చినా జరపని మనిషి. అప్పటి కెప్టెన్ ఆయన నడుము దాకా కూడా రాదు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, కాకా జర గేటు బయటికి పోండ్రి అంది. ఆయన ముందు నవ్వాడు. తర్వాత చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. పిల్ల కదలడం లేదు. లోపల జట్టు ఒకరు తక్కువై ఇటు పరుగు అటు పరుగు. ఆయన కండువా సర్దుకుని, ఏదో ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని గేటు దాటిపోయాడు. నేను చూస్తూ ఉండిపోయాను. పదిమంది పెద్దమనుషులు పంచాయితీ పెట్టినా కాని పని, ఒక మాటతో అయిపోయింది.

అప్పటి నుంచి మ్యాచ్‌కు పోతే నేను కొంగు కొస నోట్లో పెట్టుకుని చూసేదాన్ని. మా ఆయనకు అది చూడటానికే మ్యాచ్‌కు రావాలనిపించేదట.

రెండేళ్లకు నా బిడ్డే కెప్టెన్ అయింది. మాట్లాడని పిల్లను కెప్టెన్ చేయడమేమిటని నేనే సార్‌ను అడిగాను. ఆటలో మాట్లాడుతది మేడం, మీరు దూరం నుంచి చూస్తరు గనక మీకు ఇనరాదు అన్నాడు. ఆ ఏడు మహబూబ్‌నగర్‌లో పోటీలు. చివరి మ్యాచ్ నల్లగొండ జట్టుతో. గెలిచినవాళ్లు హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలకు పోతారు. ఆ వయసు జట్టులో నా బిడ్డకు అదే ఆఖరి ఏడు. వారం నుంచి నిద్రలో కూడా కాళ్లు ఆడించింది.

సగం ఆట దాటేసరికి చెరొక గోల్. ఎండ మండిపోతోంది. మా పిల్ల ఒకతి బంతి తీసుకుని గోల్ ముందుకు దూసుకుపోయింది. ఇంక కాలు ఎత్తడమే మిగిలింది. నల్లగొండ పిల్ల వెనక నుంచి జెర్సీ పట్టి లాగింది. మా పిల్ల వెల్లకిలా పడింది. గ్రౌండంతా చూసింది. రిఫరీ చూడలేదో, చూసీ వదిలేశాడో, విజిల్ మాత్రం ఊదలేదు. నా నోట్లో కొంగు లేకపోతే ఆ రోజు ఏం జరిగేదో నాకే తెలియదు. మా వైపు తల్లిదండ్రులందరం పళ్లు బిగబట్టి నిలబడ్డాం.

అరుపు వినిపించింది. మాలో ఎవరిదీ కాదు. సార్‌ది.

“కండ్లు కనవడ్తలేవా నీకు? పైసలు తిన్నవా?”

గీత వెంట పరుగెత్తుతూ అన్నాడు. ఆ మనిషి గొంతు అంత పైకి లేవగలదని మాకెవరికీ తెలియదు. బంతి గీత దాటి బయటికి పోయింది. ఆట ఆగింది. నా బిడ్డ గ్రౌండు నడుమ నిలబడి సార్ వైపు చూసింది. తర్వాత రిఫరీకి ఏదో చెప్పి, నడవడం మొదలుపెట్టింది. పరుగెత్తలేదు, నడిచింది.

ఎటు వస్తోందో నాకు అర్థమైంది. వద్దు బిడ్డా అనుకున్నాను. ఆయన ఎవరో తండ్రి కాదు. అలిసిన పిల్లను తీసి బెంచీ మీది పిల్లను దింపేది ఆయన, ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పేది ఆయన. ఆయన పోతే జట్టుకు దిక్కెవరు? అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. తనను పదిమంది ముందు బయటికి పంపిన పిల్లను రేపు ఏ మగాడు మళ్లీ జట్టులోకి రానిస్తాడు? ఈ పిల్ల నోరు తెరిచేది లోకం మొత్తంలో ఆ గ్రౌండులోనే. అదీ పోతే?

సార్ ముందుకొచ్చి ఆగింది. మోకాలి మీద మట్టి, మెడ మీద చెమట. చేతులు వెనక్కి కట్టుకుంది.

“సార్, మీరు గేటు బయటికి పోవాలె. మనోళ్లు ఒకరు తక్కువ ఆడుతున్నరు.”

ఆయన ఆమె వైపు చూసిన చూపు నేను ఎన్నటికీ మరిచిపోను. ముందు కోపమే ఉంది, అబద్ధమెందుకు. మా ఇంట్లో, మా కాలేజీలో, నేను ఎక్కిన ప్రతి ఆఫీసు మెట్టు మీద చూసిన కోపమే. అది ఆయన మొహంలోనే నిలిచి, కొంచెం కొంచెంగా దిగిపోయింది. మెడలో విజిల్ తీసి బెంచీ మీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. గేటు వైపు నడిచాడు.

నా పక్క నుంచే పోతుంటే ఆపాను. “ఏడికి పోతరు సార్, ఆట అయిపోలే. చిన్న పిల్ల, దానికేం తెలుసు?”

“తెల్వకుంటే అంత దూరం నడిసి వస్తుండెనా, మేడం?” అన్నాడు. ఆగకుండా పోయాడు.

చట్టం ముందు అందరూ సమానులే అని ఏటా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో వస్తుందని చెప్పేదాన్ని నేను. అది నడుస్తుంటే ఎట్లా ఉంటుందో నా కళ్లతో చూడలేదు. ఆ రోజు చూశాను. టోపీ పెట్టుకుని, కొంచెం వంగిన భుజాలతో, మా ఊరి గేటు లాంటి ఇంకో ఊరి గేటు తెరుచుకుని ఆ చట్టమే బయటికి నడిచిపోయింది. చెప్పడానికి మాట దొరకలేదు. నా ఎరుకలో అదే మొదటిసారి.

ఆట మళ్లీ సాగింది. నా బిడ్డ అరుస్తూ పిల్లలను సర్దుతోంది. నువ్వు ఎనక ఉండు, నువ్వు ముందుకు రా అని చేతులు ఊపుతోంది. అంత గొంతు ఇన్నేళ్లు ఎక్కడ దాచిందో. కానీ ఎడమ వైపు ఆడే పిల్ల అలిసిపోయి నడుం పట్టుకుని నిలబడటం మాకు బయట నుంచి కనిపిస్తూనే ఉంది. ఆమెను మార్చేవాళ్లు లేరు. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా నల్లగొండ వాళ్లు ఆ ఎడమ వైపు నుంచే వచ్చి గోల్ కొట్టారు. ఓడిపోయాం.

ట్రాక్టర్ల కాక నా దగ్గరికొచ్చి, మీ బిడ్డ పుణ్యమాని కప్పు నల్లగొండకు పోయిందన్నాడు. మిమ్మల్ని పంపిన రోజు కప్పుకేం కాలేదు కదా, అప్పుడు పిల్ల చేసింది తప్పని మీరు అనలేదే అన్నాను. ఆయన మళ్లీ ఫోన్ వెతుక్కున్నాడు. నోరు తిరిగి వచ్చినందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది గానీ, గుండె మాత్రం గేటు దగ్గరే ఉంది.

పిల్లలు నల్లగొండ పిల్లలకు చేతులు కలిపి, సంచులు సర్దుకుని బయటికి వచ్చారు. సార్ గేటు పక్కన చెరుకు రసం బండి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు నిండుగానే ఉంది. మిగతా పిల్లలు ఆగిపోయారు. నా బిడ్డ ఒక్కతే పోయి ఆయన ముందు నిలబడింది. తల దించలేదు, అలాగని ఎత్తనూ లేదు. నేను వెనకే పోయాను. ఆయన ఒక్క మాట తేడాగా అంటే చాలు, అప్పటిదాకా మింగిన మాటలన్నీ కక్కడానికి సిద్ధంగా ఉన్నాను.

ఆయన గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

“ఈడ నిలవడితే నాకు ఏం కనవడలే, సప్పుడే ఇనవడ్డది. నేను పోయిన కాడికెంచి చెప్పు. ఒక్కటి ఇడువొద్దు.”

పిల్ల రసం తాగింది. తాగుతుంటే అప్పుడు కళ్ల నీళ్లు కారాయి. మూతి తుడుచుకుని, ఎడమ దిక్కు పిల్ల అలిసిపోయిందని నేను చూసిన సార్, మార్చాల్నో వద్దో తెల్వలే అంది.

“గది ఆఖరికి. ముందుగాల కెంచి చెప్పు,” అన్నాడు.

బస్సు ఎక్కాం. సార్ ముందు సీటులో వెనక్కి తిరిగి, మోకాళ్లు దారిలోకి పెట్టి కూర్చున్నాడు. కండక్టర్ ప్రతిసారీ ఆ మోకాళ్లు దాటుకుని పోతూ గొణుగుతున్నాడు. నా బిడ్డ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి బంతి ఇచ్చారు, ఎవరు ఎక్కడ జారారు, గోల్ కీపర్ ఏ చేత్తో ఆపింది. సీటు వెనక పట్టీ మీద వేలితో గీసి చూపించింది. గట్ల కాదు సార్, మీరు చూడలే, ఊకోండ్రి అని ఆయన మాటకు అడ్డం కూడా తగిలింది. సార్ నిజంగానే ఊరుకుని విన్నాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

దేవరకద్ర పోయింది. మరికల్ కూడా దాటింది. ఆమె చెబుతున్న ఆటలో రెండో గోల్ ఇంకా పడలేదు.